ఆగే చోటు

సాన్ ఎలాదియోలో రైలు గేటు
రోజుకి ఆరు గంటల నలభై నిమిషాలు మూసే ఉంటుంది.
లెక్కపెట్టింది నేనే,
మడత కుర్చీ వేసుకుని, మూడు రోజులు, జనవరి ఎండలో.

బ్యూనస్ ఏర్స్ నుంచి వచ్చే బండి, అటు వెళ్ళే బండి,
ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి.
గంట టంగుటంగుమంటుంటే
బస్సు డ్రైవర్లు ఇంజను ఆపేసి మాతె పీలుస్తారు.
ఒకతను నాకూ అందించాడు కిటికీలోంచి.
చక్కెర లేదు. సరిపోయింది.

గేటుమనిషి ఫోర్తునాతో
ముప్పైయేళ్ళుగా తిట్లు తింటున్నాడు.
"మూసేది రైలు, మాట పడేది నేను," అన్నాడు
డబ్బాలోని జెరానియం మొక్కకి నీళ్ళు పోస్తూ.

ఫైల్లో ఒక కాగితం ఉంది:
అంబులెన్సు, పదకొండు నిమిషాలు.
దాని కింద ఒక ఖాళీ గీత.
గీత మీద ఎవరూ ఏమీ రాయలేదు.

కాగితం మీద అంతా తేలికే.
రైలు పైన, రోడ్డు కింద.
లారీ ఎత్తు, దానిపైన ఇంకో జానెడు,
వెరసి నాలుగు మీటర్ల ఎనభై.
కానీ దిగడానికో వాలు, ఎక్కడానికో వాలు,
పడుకున్నవాడు కాళ్ళు చాపినట్టు
ఇటు రొట్టెల కొట్టు దాకా, అటు బడిగోడ దాకా.
కురచ చెయ్యమన్నారు. చేశాను.
ఆ నిటారు మీద సైకిలు ముసలాయన
ఎక్కలేడని తోచి చెరిపేశాను.

రెండు మీటర్ల ఇరవై తవ్వితే నీళ్ళు.
నీరు పల్లమెరుగు అంటారు కదా,
అందరికీ అది సామెత,
నాకు మాత్రం నిద్రపట్టని రాత్రి.
ఒక పంపు చెడితే రెండోది.
కరెంటు పోతే జనరేటరు.
జనరేటరు పోతే?
గోడ మీద పసుపు గీత గీయించాను,
నీళ్ళు ఇక్కడికొస్తే దిగొద్దని.
మా పెద్దాయన ఓల్మెదో నవ్వాడు:
"దారి గియ్యమంటే వరద గీశావేంటి!"

ఎర్మెలిందాది పరాగ్వే.
బుట్టలో తువ్వాలు కప్పిన వేడి చిపా,
జున్ను కలిపి కాల్చిన పిండి చుట్టలు.
గేటు పడితేనే ఆమె కొట్టు తెరుచుకుంటుంది.
ఆగిన కార్ల వరస వెంట గబగబా నడిచి,
గేటు లేచేలోగా చిల్లర తిరిగివ్వడం
ఎవరికిపడితే వాళ్ళకి వచ్చే విద్య కాదు.

నా పటం మీదికి వంగింది.
వేలు వాలు వెంట దిగింది,
రైలు కిందికి దూరింది,
అవతల పైకి తేలింది.
ఎక్కడా నిలవలేదు.
"మరి ఆగే చోటేది?" అంది.

లేదు.
అది లేకుండా చేసినందుకే నాకు జీతం.

ఏప్రిల్‌లో కాంక్రీటు పెట్టెని
పట్టాల కిందికి జాకీలతో నెట్టాం,
చీమ నడకన, రాత్రిళ్ళు.
పైన బళ్ళు మెల్లగా పోతూనే ఉన్నాయి.
ఒక తెల్లవారుజామున పట్టా
మూడు మిల్లీమీటర్లు కదిలింది.
నేను ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలోనే
కిటికీ పక్కన ఒకాయన
తీరుబడిగా పేపరు తిప్పాడు.

నడిచేవాళ్ళ మెట్ల నడుమ
ఒక అరుగు చేర్చాను, రెండు మీటర్ల వెడల్పు.
కారణం అన్నచోట
'ఆయాసం తీర్చుకోవడానికి' అని రాశాను.
ఓల్మెదో చదివాడు, నన్ను చూశాడు, సంతకం పెట్టాడు.

ఎర్మెలిందా బుట్ట ఇప్పుడక్కడే.
"సగమే పోతోంది," అంటుంది,
కోపం లేకుండా ఏమీ కాదు.
ఫోర్తునాతోని టికెట్ల కిటికీకి మార్చారు.
బండి కూత వినబడితే
అతని చెయ్యి ఇంకా లేని మీట మీదికి పోతుంది.

మొదటి పెద్ద వాన నాడు
అర్ధరాత్రి గొడుగేసుకుని దిగాను.
పంపు గొణుగుతోంది. పసుపు గీత పొడిగా ఉంది.
వెనకనుంచి అంబులెన్సు వచ్చింది,
సైరను గోడలకి కొట్టుకుని రెండింతలైంది,
నన్ను తడిపేసి ఎక్కిపోయింది.
లోపల ఎవరో.

ఉన్నట్టుండి ఆకలేసింది, చిపా తినాలనిపించింది.
ఆ వేళకి ఎవరమ్ముతారు?